ఆరున్నర శ్రుతి ఇత్తడి

ఆషాఢం వచ్చిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బ్యాండు మేళాలకు చేతినిండా పని ఉండదు. శ్రావణంలో మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేదాకా జరీ కుట్టిన కోట్లు ట్రంకుపెట్టెల్లోకి, డ్రమ్ములు మూలకు, ట్రంపెట్లు గోడ మేకులకు చేరతాయి. ట్రంపెట్ కొనాలని, కొని ఊదాలని ముచ్చటపడేవాళ్లు బ్యాండు మాస్టర్ ఇంటి తలుపు తట్టాల్సిన నెల ఇది. మాఘంలో వెళితే ఆయనకు నిలబడి మాట్లాడే తీరిక దొరకదు. ఆషాఢంలో వాద్యాన్ని విప్పి ఒక్కో భాగం చూపిస్తారు. ఏది ఎక్కడ అరిగిందో, ఏ సొట్ట ఏ ఊరి బరాత్‌లో పడిందో చెబుతారు.

మన పాలమూరు వైపు ట్రంపెట్ ఇన్నాళ్లూ బతుకుదెరువు సాధనంగానే తెలుసు. ఇష్టం కొద్దీ కొనుక్కుని, పొద్దుగూకే వేళ డాబా మీద ఊదుకునే వాద్యంగా దాన్ని చూడటం కొత్త. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు, ఉద్యోగ విరమణ చేసిన టీచరు, ఇళయరాజా పాటల్లోని ఇత్తడి వాద్యాల మీద మనసు పారేసుకున్న ఇంజినీరు ఫోన్లో వీడియోలు చూసి, హైదరాబాద్ వెళ్లినప్పుడు దుకాణంలో ధర కనుక్కుని వస్తున్నారు. ఒకటి కొన్నాక రెండోది కావాలనిపిస్తుంది. ట్రంపెట్ ఉన్నవారి చూపు దాని మెత్తని తోబుట్టువు ఫ్లూగెల్‌హార్న్ మీద పడుతుంది. ఇది మంచి ఇష్టం, పెరగాల్సిన ఇష్టం. అయితే ఏది ఎంచుకోవాలి, దేన్ని దాచుకోవాలి అన్న ప్రశ్నకు దుకాణంలోని అద్దాల బీరువా చెప్పే జవాబు వేరు, మన ఊరి అటక చెప్పే జవాబు వేరు. ఆ రెండోదాన్నీ ఒకసారి వినాలని మా కోరిక.

ఇత్తడి బూరలు మన వీధుల్లోకి సైన్యం వెంట వచ్చాయి. ఈస్టిండియా కంపెనీ పటాలాలకూ, తర్వాత బ్రిటిష్ రెజిమెంట్లకూ బ్యాండ్లు ఉండేవి. వాటిని చూసి సంస్థానాధీశులు తమ దర్బారులకు పెట్టుకున్నారు. దర్బారుల నుంచి, దండు విడిసిన ఊళ్ల నుంచి అవి పెళ్లి ఊరేగింపుల్లోకి నడిచాయి. మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్ అలీ అండ్ కంపెనీ, ఆ ఊరి జలీ కోఠీ పేటలోని చిన్న కార్ఖానాలు దేశం నలుమూలలకూ బూరలు చేసి పంపాయి. పాత బ్యాండు వాద్యాల మీద మీరట్ ముద్ర తరచూ కనిపించేది అందుకే. ఈ పెళ్లి బ్యాండ్ల లోకాన్ని శ్రద్ధగా చూసిన పరిశోధకుడు గ్రెగరీ బూత్ 2005లో ‘బ్రాస్ బాజా’ అనే పుస్తకమే రాశారు. మనం రోడ్డు పక్కన నిలబడి దారి ఇచ్చి మరిచిపోయేవాళ్ల గురించి ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఊరూరా తిరిగి రాసిన పుస్తకం అది.

వనపర్తికి ఈ కథతో దగ్గరి చుట్టరికం ఉంది. వనపర్తి రాజుల కొలువులో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ఆశ్విక దళం ఉండేది. అది తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ దళం పేరే నిలిచింది. వాళ్ల వారసులు వాయించే మర్ఫా ఈ రోజుకీ పాతబస్తీ పెళ్లిళ్లలో మోగుతోంది. కత్తి పట్టిన చేతుల్లోని లయ పెళ్లికొడుకు గుర్రం ముందుకు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి మనం మీరట్ దాకా వెళ్లనక్కర్లేదు. గద్వాల సంస్థానం పండితులను ఆదరించి విద్వద్గద్వాల అనిపించుకుంది. శాస్త్రాలు చర్చించినవారి పేర్లు పుస్తకాలకెక్కాయి. రథం ముందు ఊదినవారి పేర్లకు ఆ భాగ్యం దక్కలేదు.

ఊదినవారు ఎవరు? సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణ కుటుంబాల చేతిలో, డప్పు మాదిగవాడ చేతిలో తరతరాలుగా నడిచాయి. బ్యాండు వచ్చాక ఆ ఇళ్ల నుంచీ, ముస్లింల ఇళ్ల నుంచీ మనుషులను కలుపుకుంది. గోవా నుంచి బొంబాయి వెళ్లిన చిక్ చాక్లెట్ లాంటి ట్రంపెట్ కళాకారులు 1950ల హిందీ సినిమా పాటల్లో ఊదిన ముక్కలను మన బ్యాండు మాస్టర్లు రేడియోలో విని, చెవితో పట్టి, మేళానికి నేర్పారు. చేతిలో కాగితం లేదు. విన్నది వేళ్లలోకి దించుకోవడమే వాళ్ల చదువు. శ్రీరంగాపురం రంగనాయకస్వామి రథోత్సవం, జమ్మిచేడు జములమ్మ జాతర, సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర లాంటి చోట్ల జనం రొదను దాటి వినిపించేలా ఊదాలంటే ఎంత ఊపిరి కావాలో ఒక్కసారి ట్రంపెట్‌ను పెదవులకు ఆనించి చూసినవారికి తెలుస్తుంది.

ఇప్పుడు ఆ స్థానంలో డీజే పెట్టెలు వచ్చాయి. బ్యాండుకు పదిమంది మనుషులు, పదిమందికి భోజనం, వెళ్లి రావడానికి బండి కావాలి. డీజేకు ఇద్దరు చాలు. పెళ్లివారి లెక్క అక్కడే తేలిపోతోంది, వాళ్లను తప్పుపట్టలేం. మాస్టర్ పిల్లలు వేరే పని వెతుక్కుంటారు. వాద్యం అటకెక్కుతుంది. కొన్నేళ్లకు ఇల్లు సర్దుతుంటే కిందికి దిగి పాత సామాన్ల తక్కెడలో కూర్చుంటుంది. ట్రంపెట్ బరువు కిలోకు అటూ ఇటుగా ఉంటుంది. ముప్పై ఏళ్లు ఒక ఇంటికి అన్నం పెట్టిన వస్తువుకు తుక్కు కింద వచ్చేది కిలో ఇత్తడి ధర. మనసుకు కష్టంగా తోచేది ఇక్కడే. ఆ వాద్యం పాడైపోయి ఉంటే సరే. కానీ చాలా సందర్భాల్లో దాంట్లో ఇంకా పాట మిగిలే ఉంటుంది.

పాట మిగిలి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? పాత ట్రంపెట్ చేతికి అందగానే ఊదాలనిపిస్తుంది. ముందు చూడాలి. మౌత్‌పీస్ గుచ్చే చోటు నుంచి మొదటి మలుపు దాకా ఉండే సన్న గొట్టాన్ని వెలుతురులో తిప్పండి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. మామూలు పసుపు ఇత్తడిలో నూటికి డెబ్భై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు. ఊదేవారి నోటి తడి ఏళ్ల తరబడి లోపలే నిలిచిపోతే జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. పైకి గులాబి రంగు మచ్చలు, మధ్యలో నల్ల చుక్క తేలుతాయి. ఆ మచ్చలుంటే గొట్టం లోపలి నుంచి తినేసిందని అర్థం. ఆ గొట్టం మార్చాల్సిందే. పైన పట్టిన పచ్చ చిలుముకు మాత్రం భయపడక్కర్లేదు, తుడిస్తే పోతుంది.

తర్వాత సొట్టలు. జనం ముందుగా చూసేది చివర విచ్చుకున్న బెల్ మీది సొట్టనే. నాదానికి అది చేసే చెరుపు తక్కువ. మౌత్‌పీస్‌కు దగ్గరగా, గొట్టం సన్నగా ఉన్నచోట పడిన చిన్న నొక్కు ఎక్కువ చెరుపు చేస్తుంది. గాలి అక్కడ ఇరుకులో నడుస్తుంది కాబట్టి కొంచెం తేడా వచ్చినా స్వరం తడబడుతుంది. మెరుగు పోయి, బెల్ అంచు వంకరపోయి, చూడగానే పక్కన పెట్టేసే వాద్యం చాలాసార్లు బాగా పలుకుతుంది. తళతళలాడే కొత్తది పలకకపోవచ్చు.

ఇక ప్రాణమంతా ఉన్నది మూడు పిస్టన్లలో. రెండో పిస్టన్‌కు అంటి ఉన్న చిన్న స్లైడును, పిస్టన్ నొక్కకుండా, మెల్లగా బయటికి లాగాలి. రెండు క్షణాలు ఆగి పిస్టన్ నొక్కాలి. ‘టప్’మని శబ్దం వస్తే లోపల గాలి బిగువుగా నిలిచిందని, పిస్టన్ అరగలేదని అర్థం. చప్పుడే లేకపోతే గాలి పక్కల నుంచి జారిపోతోంది. అలాంటి వాద్యం ఊదేవారి ఊపిరిని తింటుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. మిగిలిన రెండింటినీ అలాగే చూడాలి. పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలుంటాయి. తుడిచి పెట్టేటప్పుడు అవి తారుమారైతే గాలి అటు నుంచి ఇటు రాదు. బాగున్న బూర చెడిపోయిందని పక్కన పడేయడానికి ఇంత చిన్న పొరపాటు చాలు.

అప్పుడు ఊదండి. పిస్టన్లేమీ నొక్కకుండా పెదవుల బిగువు మార్చుకుంటూ పోతే వాద్యం తనంతట తానుగా షడ్జం, పంచమం, పై షడ్జం, గాంధారం, మళ్లీ పంచమం ఇస్తుంది. సైన్యంలో బ్యూగుల్ పిలుపులన్నీ ఈ నాలుగైదు స్వరాల మీదే నడుస్తాయి. మామూలు ట్రంపెట్ షడ్జం బీ-ఫ్లాట్‌లో, మన హార్మోనియం లెక్కలో ఆరున్నర శ్రుతిలో ఉంటుంది. మొదటి పిస్టన్ నొక్కితే స్వరం రెండు మెట్లు, రెండోది ఒక మెట్టు, మూడోది మూడు మెట్లు దిగుతుంది. జర్మన్ దేశాల్లో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు 1818లో వాల్వుకు పేటెంటు తీసుకున్నారు. ఈనాటి పిస్టన్ రూపం 1830ల చివర పారిస్‌లో పెరినే అనే ఆయన చేతిలో కుదిరింది. అప్పటిదాకా ఎక్కువగా కొన్ని సహజ స్వరాలకే పరిమితమైన బూరకు ఆ తర్వాత పన్నెండూ అందాయి.

శంకరాభరణం ఆరోహణ నెమ్మదిగా ఊదమని కొనబోయేవారికి చెబుతాం. పరీక్ష అంతా రిషభం దగ్గర ఉంటుంది. కింది షడ్జం తర్వాత వచ్చే ఆ చతుశ్రుతి రిషభానికి ఒకటో పిస్టన్‌నూ మూడో పిస్టన్‌నూ కలిపి నొక్కాలి. ఆ రెండూ కలిసినప్పుడు కావలసిన దానికంటే గొట్టం కొంచెం పొట్టిదవుతుంది, స్వరం కొంచెం పైకి పోతుంది. అందుకే మూడో స్లైడుకు ఒక ఉంగరం పెడతారు. ఎడమచేతి వేలితో దాన్ని కాస్త ముందుకు తోస్తే స్వరం శ్రుతిలోకి దిగుతుంది. ఆ స్లైడు తుప్పు పట్టినట్టు బిగుసుకుపోయిందా, వేలి తాకిడికి జారుతోందా? ఇది చూస్తే వాద్యం గుణమే కాదు, దాన్ని వాడినవారి శ్రద్ధ కూడా తెలుస్తుంది. మంచి మాస్టర్ల ట్రంపెట్లలో మిగిలినవన్నీ అరిగినా ఈ స్లైడు నీళ్లలా జారుతుంది.

కొత్తది కొనాలనుకునేవారికి రెండు మాటలు చాలు. కొన్ని వేలకే దొరికే, ఎరుపు నీలం రంగులు పూసిన ట్రంపెట్లకు దూరంగా ఉండటం మేలు. యమహా 1965లో తన మొదటి ట్రంపెట్ చేసింది. ఆ కంపెనీ వైటీఆర్-2335 అనే నేర్చుకునేవారి మోడల్ ప్రపంచమంతటా బడి పిల్లల చేతుల్లో నలిగింది. 11.65 మిల్లీమీటర్ల గొట్టం, తేలికైన ఊపిరి, తేలిగ్గా దొరికే విడిభాగాలు. వాడినది దొరికినా కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. పైమెట్టు కోరేవారికి బాక్ స్ట్రాడివేరియస్ పేరు చెవిన పడుతుంది. వియన్నా దగ్గర 1890లో పుట్టిన విన్సెంట్ బాక్ 1914లో న్యూయార్క్ చేరి, 1918లో మౌత్‌పీసులతో మొదలుపెట్టి 1924 నుంచి ట్రంపెట్లు చేశారు. 1950లలో ఆయన మౌంట్ వెర్నాన్ కార్ఖానాలో తయారైనవాటిని సేకర్తలు వెతికి వెతికి కొంటారు. అవి గొప్ప వాద్యాలే. కానీ లక్షలు పోసి వాటి వెంటపడటం వనపర్తిలో ఇప్పుడిప్పుడే శంకరాభరణం పలికిస్తున్నవారి పని కాదు. ఆ డబ్బులో పదో వంతు మంచి గురువుకు ఇస్తే ఎక్కువ ఫలితం.

మౌత్‌పీస్ మాత్రం సొంతది ఉండాలి. 7సీ కొలతతో మొదలుపెట్టి ఏడాదైనా మార్చకుండా ఉంటే పెదవి కుదురుకుంటుంది. మార్చిన ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది.

శుభ్రం చేయడం గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఇత్తడి అనగానే మన చేయి చింతపండు మీదికి పోతుంది. బిందెకు, చెంబుకు అది సరే. ట్రంపెట్‌కు పైన సన్నని లక్క పూత ఉంటుంది. పులుపు, రాపిడి కలిసి పూతను లేపేస్తాయి, కీళ్ల దగ్గర నిలిచిన పులుపు లోహాన్ని తింటూనే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు, పొడవాటి మెత్తని బ్రష్షు చాలు. నీళ్లు మరిగితే పూత ఊడుతుంది. ఆరాక పిస్టన్లకు వాల్వు నూనె, స్లైడ్లకు గ్రీజు పెట్టాలి. కొబ్బరినూనె పోస్తే చలికాలం పొద్దున పిస్టన్ పైకి రాదు.

ఇక ఫ్లూగెల్‌హార్న్. దీని గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. మన దగ్గర అరుదైన వాద్యం ఇది. చూడటానికి లావెక్కిన ట్రంపెట్ అనిపిస్తుంది. శ్రుతి అదే ఆరున్నర, పిస్టన్లు అవే మూడు, వేళ్లు అవే. గొట్టం పొడవు కూడా దాదాపు ఒకటే, ఒకటిన్నర మీటరుకు కొంచెం తక్కువ. తేడా అంతా గొట్టం విచ్చుకునే తీరులో ఉంది. ట్రంపెట్ గొట్టం చాలా దూరం ఒకే లావున నడిచి చివర బెల్ దగ్గర విచ్చుకుంటుంది. ఫ్లూగెల్‌హార్న్‌లో అది మొదటి నుంచీ కొద్దికొద్దిగా లావెక్కుతూ పోతుంది. బెల్ ట్రంపెట్‌కు 12 సెంటీమీటర్ల చిల్లర ఉంటే దీనికి 15 దాకా ఉంటుంది. మౌత్‌పీస్ గిన్నె లోతుగా గరాటులా ఉంటుంది. అందువల్ల నాదంలో ఆ కోత, ఆ మెరుపు తగ్గి ఒక మెత్తదనం వస్తుంది. బరాత్‌లో ఇది పనికిరాదు, వీధి మలుపు తిరిగేలోపే వినిపించకుండా పోతుంది. గదిలో, నలుగురి మధ్య, పక్కన తంబూర శ్రుతి పెట్టుకుని ఊదితే మనిషి గొంతుకు చాలా దగ్గరగా వస్తుంది.

జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1957లో ‘మైల్స్ అహెడ్’ ఆల్బం మొత్తం దీని మీదే ఊదారు. ఇరవై ఏళ్ల తర్వాత చక్ మాంజియోనే ‘ఫీల్స్ సో గుడ్’తో దీన్ని ఇంటింటికీ చేర్చారు. ఆ ఆల్బం అట్ట మీద ఆయన వాద్యాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని ఉంటారు. మనవైపు దీనికి తగిన పాటలు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్లలోనూ మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ కేంద్రాలు నడిపింది, ఆ చర్చిల్లో తెలుగు కీర్తనలు తరతరాలుగా పాడుతున్నారు. విలంబంలో సాగే కీర్తన వరస ఫ్లూగెల్‌హార్న్ మీద వింటే ఈ వాద్యం వాటి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. లాలిపాటలు, బతుకమ్మ పాటల వరసలూ అంతే. వాటి స్వరాల పరిధి చిన్నది. ఫ్లూగెల్‌హార్న్‌కు బలమైన చోటు కూడా ఆ నడిమి స్థాయే, పైస్థాయిలో దీని శ్రుతి నిలకడ తగ్గుతుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ట్రంపెట్ మౌత్‌పీస్ దీనికి సరిపోదు, కాడ కొలత వేరు. ఎలాగోలా గుచ్చి ఊదితే శ్రుతి చెడుతుంది. రెండోది, ట్రంపెట్‌కు ముందున్న పెద్ద స్లైడుతో శ్రుతి చేస్తాం. దీనికి మౌత్‌పీస్ గుచ్చే గొట్టాన్నే లోపలికి బయటికి జరిపి, మరతో బిగిస్తాం. ఆ గొట్టం జరగకుండా పట్టేసిందంటే వాద్యం ఇక ఎవరితోనూ కలవదు. గమకం విషయంలో రెండు వాద్యాలకూ పరిమితి ఉంది. స్వరం మెట్లుగా మారుతుంది, జారదు. మన బ్యాండు కళాకారులు పిస్టన్‌ను సగం నొక్కి, పెదవిని సడలించి ఆ జారును తెచ్చే నేర్పు సంపాదించారు. పుస్తకాల్లో వెతికితే దొరకని ఆ విద్య నేర్పగలవారు మన మధ్యనే ఉన్నారు.

సేకరణ మాటకొస్తే, ఎన్ని ఉండాలి అన్న ప్రశ్నకు మా జవాబు సూటిగా ఉంటుంది: ఊదగలిగినన్ని. పిస్టన్ వారాల తరబడి కదలకపోతే బిగుసుకుంటుంది. నూనె జిగురవుతుంది. వారానికోసారైనా పెదవికి తాకని వాద్యం బీరువాలో ఉన్నా అటక మీద ఉన్నా ఒకటే. రోజువారీ సాధనకు ఒక ట్రంపెట్, మెత్తని పాటలకు ఒక ఫ్లూగెల్‌హార్న్, వాటితోపాటు మన వీధుల్లో మోగిన పాత మీరట్ బూర ఒకటి. అభిరుచితో ఊదుకునేవారికి ఈ మూడూ నిండైన సంపద. నాలుగోది చేతికి వస్తే నేర్చుకునే పిల్లవాడికి ఇవ్వడం ఉత్తమం. జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నతనంలో న్యూ ఆర్లియన్స్‌లో ఒక తాకట్టు దుకాణంలో ట్రంపెట్‌కు దగ్గరి చుట్టమైన పాత కార్నెట్ కొనుక్కున్నారు. తాను పనిచేసే కార్నోఫ్‌స్కీ కుటుంబం అందుకు చేయూతనిచ్చింది. పాత వాద్యం ఒకటి సరైన పిల్లవాడి చేతికి చేరడం వల్ల ఇరవయ్యో శతాబ్దపు సంగీతం దారి మారింది.

ఊదకూడనివీ కొన్ని ఉంటాయి, ఒప్పుకోవాలి. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధిలో దొరికిన బూరలు రెండు, ఒకటి వెండిది, ఒకటి రాగి మిశ్రమానిది. 1939లో కైరో నుంచి బీబీసీ వాటి నాదాన్ని ప్రపంచానికి వినిపించింది. మూడు వేల ఏళ్లు మూగబోయిన బూర పలికిందని అందరూ పులకించారు. కానీ ఆ ప్రయత్నాల్లోనే వెండి బూర విరిగి, అతికించాల్సి వచ్చింది. అంతటి పురాతన వస్తువును అద్దాల వెనక ఉంచడమే న్యాయం. మన బ్యాండు బూరల వయసు మాత్రం యాభై, అరవై ఏళ్లు. వాటికి కావలసింది అద్దం కంటే ముందు ఊపిరి.

వాటిని సేకరించేవారు ఒక పద్ధతి పాటించాలని వేడుకుంటున్నాం. కొనేటప్పుడు కిలో ధర మాట ఎత్తకండి. అది పనిముట్టు, పైగా ఒక మనిషి ముప్పై ఏళ్ల శ్వాస. వాద్యంతోపాటు దాని కథను అడిగి రాసుకోండి: ఏ మేళంలో మోగింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, జనం ఎక్కువగా అడిగిన పాట ఏది, ఏ పాట ఊదితే తనకే కళ్లు చెమర్చేవి. వీలైతే ఆ పాటను ఆయన చేతే ఒక్కసారి ఊదించి ఫోన్లో రికార్డు చేయండి. అటకెక్కని వాద్యం ఎంత దూరం వెళ్లగలదో మన దగ్గరే చూశాం: నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘భీమ్లా నాయక్’ పాటలో ఆయన గొంతు విన్నాక లోకం కిన్నెర వైపు చూసింది. ఆయన ఆ కిన్నెరను అటకెక్కించి ఉంటే లోకానికి చూడటానికి ఏమీ ఉండేది కాదు. బూరల కథలు పోగేయడం ఒక వ్యక్తి చేయగల పని. దీనికి నిధులు, ఫైళ్లు అక్కర్లేదు.

ఒక పని మాత్రం సంస్థలు చేయాలి. వాద్యం పాడైతే బాగుచేయించడానికి దూరం పోవాల్సి వస్తోంది. ఆ ఖర్చు భరించలేకే సగం బూరలు అటకెక్కుతున్నాయి. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ లేతు యంత్రాలున్నాయి, మెకానికల్ విద్యార్థులున్నారు. పిస్టన్‌కూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. దాన్ని కొలవడం, టంకం ఊడిన కీలు అతకడం, లోపలి నుంచి గుండు తోసి సొట్ట లేపడం ఏ వర్క్‌షాపు పాఠానికీ తీసిపోని విద్య. ఏడాదికి ఒక్క నెల, ముహూర్తాలు లేని రోజుల్లో, మూడు జిల్లాల బ్యాండు మాస్టర్లు తమ వాద్యాలు తెచ్చుకునేలా, విద్యార్థులు వాళ్ల ఎదుటే విప్పి బాగుచేసేలా కళాశాల ఒక శిబిరం పెట్టవచ్చు. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో 1950 నుంచి సైన్యం తన బ్యాండు కళాకారులకు శిక్షణ ఇస్తోంది. అక్కడ నేర్చి, పదవీ విరమణ చేసిన తెలుగువారు ఎవరైనా ఉంటే పిలవవచ్చు.

ఆ శిబిరానికి ట్రంపెట్ మీద మోజున్న ఇంజినీరూ, టీచరూ, చర్చి కుర్రాడూ రావాలి. తమ యమహాను తెచ్చి మాస్టర్ చేతిలో పెట్టి, రిషభం ఎలా సరిచేయాలో, సగం పిస్టన్‌తో గమకం ఎలా పట్టాలో అడగాలి. ఆయనకు గంటకు ఇంత అని గురుదక్షిణ ముందే చెప్పి ఇవ్వాలి. పెళ్లిళ్లు లేని నెలలో ఆ డబ్బు ఆ ఇంటికి అక్కరకొస్తుంది. అమ్మకానికి ఉన్న బూర ఉంటే అక్కడే ‘టప్’ పరీక్ష చేసి, ధర మాట్లాడుకోవచ్చు. కళాశాల ప్రిన్సిపల్, జిల్లా యువజన అధికారి, ముగ్గురు నలుగురు మాస్టర్లు ఒక సాయంత్రం కూర్చుంటే తేదీలు ఖరారవుతాయి.